తాడి బంగళా ఎక్కిన చోటు

మా అమ్మకు సీరియళ్ళ కంటే వార్తలంటే ఇష్టం. తొంభై ఏళ్ళ మనిషి. చదువు రాదు గానీ కళ్ళకు ఆపరేషన్ అయినప్పటి నుంచి టీవీలో బొమ్మలన్నీ చూసి, వాటికి అర్థం నాకే చెబుతుంది. పోయినేడు ఎండాకాలంలో ఒక రోజు ఏదో దూరదేశపు యుద్ధం చూపిస్తున్నారు. అక్కడి మ్యూజియం వాళ్ళు పెద్ద విగ్రహాల చుట్టూ ఇసుక బస్తాలు పేరుస్తున్నారు, చిన్న వాటికి గుడ్డలు చుట్టి నేలమాళిగలోకి దించుతున్నారు. అమ్మ నోట్లో వక్కను ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుని, "దాచేటప్పుడు ఇంకొకడికి జెప్పి దాచమనుమే. దాచినోడు పోతే మిగిలినోళ్ళు దొంగలైపోతారు" అంది.

ఆ మాట టీవీలో వాళ్ళ కోసం కాదు. మా అమ్మ ఏ దేశం గురించి మొదలుపెట్టినా చివరికి మా ఇంటికే వస్తుంది. ఎనభై ఏళ్ళ పైనుంచి మా ఇంటికి ఒక పేరుంది. అమ్మోరిని అమ్ముకున్న ఇల్లు అని. ఒక యుద్ధంలో ఆ పేరు వచ్చింది. ఇంకో యుద్ధం వస్తుందేమోనన్న గోలలో పోయింది. రెండిటి మధ్యా ఏం జరిగిందో చెప్పాలంటే ముందు మా పాలెం ఎలా ఉంటుందో చెప్పాలి.

జువ్వలదిన్నె హార్బరు నుంచి ఒడ్డు పట్టుకుని దక్షిణంగా వస్తే మా పాలెం. ముందు సముద్రం, వెనక ఉప్పుటేరు, రెండిటి మధ్యా ఇసుక దిబ్బ మీద చేపలు పట్టుకుని బతికే మేము. ఏరు దాటితే వరి చేలు, చేల అవతల రైతుల ఊరు. దాన్ని మేము పై ఊరు అంటాం. వాళ్ళు మమ్మల్ని ఏమంటారో ఇక్కడ రాయను. ఎన్ని తగాదాలున్నా రెండు ఊళ్ళకూ అమ్మవారు ఒక్కతే. గుడి వాళ్ళ ఊళ్ళో, స్నానం మా సముద్రంలో. ఏటా ఎండాకాలంలో పంచలోహ విగ్రహాన్ని పల్లకిలో మా ఒడ్డుకు తెచ్చి స్నానం చేయించేవాళ్ళు. మూరన్నర ఎత్తు ఉండేదట. అంత కళగల ముఖం ఈ చుట్టుపక్కల ఏ గుళ్ళోనూ లేదని, కాలి గజ్జెల్లో మువ్వ మువ్వకూ నోరు కనపడేదని చూసినవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. స్నానమయ్యాక మొదటి హారతి పాలెం పెద్ద ఇంటికి. అప్పటి పాలెం పెద్ద మా అమ్మ వాళ్ళ నాన్న, మా తాత.

ఆ పెద్ద యుద్ధం రోజుల్లో జపాను వాళ్ళు సముద్రం మీంచి దిగుతారని ఒడ్డు పొడుగునా భయం పట్టుకుంది. మద్రాసు నుంచి జనం సామాన్లు కట్టుకుని పైకి వచ్చేస్తున్నారు. దిగినవాడు ముందు గుళ్ళ మీద పడతాడని, కంచూ ఇత్తడీ కనపడితే కరిగించి తుపాకీగుళ్ళు పోస్తాడని ఎవరో చెప్పారు. పై ఊరి పెద్దలకు గుండెల్లో రాయి పడింది. వాళ్ళకు బండ్లున్నాయి గానీ, దారిలో దొంగల భయం. చివరికి మా తాతను పిలిచి విగ్రహం చేతిలో పెట్టారు. ఎక్కడ దాచాడో ఆయన ఒక్కడికే తెలియాలని, తిరిగొచ్చినప్పుడు ఆయనే తీసివ్వాలని ఒట్టు పెట్టించుకున్నారు. ఒట్టు పెట్టడంలో ఉన్న తెలివి, ఆ మనిషికి ఏదన్నా అయితే ఎలా అన్న ఆలోచనలో లేకపోయింది. రెండు ఊళ్ళ వాళ్ళూ ఇప్పటికీ అంతే.

తాత ఒక్కడే వెళ్ళి దాచేసి వచ్చాడు. రెండు ఊళ్ళూ తలుపులు మూసి పడమటికి వెళ్ళిపోయాయి.

జపాను వాళ్ళు రాలేదు. వచ్చింది మనవాళ్ళే. జనం తిరిగొచ్చి చూసేసరికి గుడి గంట లేదు, దీపం సెమ్మెలు లేవు, మా పాలెంలో తలుపులు లేవు, తలుపులు పీకిన చోట మేకులు కూడా లేవు. గుడిలో తాకకుండా మిగిలింది రాతి పీఠం ఒక్కటే, అదీ ఎత్తలేక. తాత దాచి ఉండకపోతే ఆ ముఖం ఏ సంతలోనో తూకానికి అమ్ముడుపోయేది. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, ఎందుకంటే తాత తిరిగి రాలేదు. పడమట ఎక్కడో చింతతోపులో తలదాచుకున్నప్పుడు వాంతులూ భేదులూ పట్టుకుని పోయాడు. అంటుకుంటుందని అందరూ దూరం జరిగారు. దగ్గరున్నది మా అవ్వ, ఆమె ఒళ్ళో ఆరేడేళ్ళ మా అమ్మ.

తిరిగొచ్చాక పెద్దలు అవ్వను అడిగారు. "బంగళా కాడ, తాడి కాడ అన్నాడు" అని అవ్వ చెప్పింది. ఏటి ఒడ్డున తెల్లవాళ్ళు ఉప్పు శాఖకని కట్టిన బంగళా ఉంది. దాని వెనక కాస్త ఎడంగా ఒంటి తాడి చెట్టు. ఇంకేం, పారలు తీసుకుని బయలుదేరారు. బంగళా చుట్టూ తవ్వారు, తాడి చుట్టూ తవ్వారు, రెంటి మధ్యా తవ్వారు. ఎముకలు, పెంకులు, ఎవరిదో పాత చెప్పు దొరికాయి. అమ్మవారు దొరకలేదు. అప్పుడు పుట్టింది ఆ పేరు. పాలెం పెద్ద విగ్రహాన్ని పడమట ఎక్కడో అమ్ముకున్నాడని, చచ్చేముందు కూడా నిజం చెప్పలేదని. ఆ తర్వాత కూడా ఎవరికి కలలో అమ్మవారు కనపడినా వచ్చి తాడి మొదట్లో నాలుగు పారలు తవ్వి పోయేవాళ్ళు. అన్ని వానల నీళ్ళు ఆ గుంటల్లో నిలవబట్టే ఆ తాడి ఈనాటికీ బతికుందని నా నమ్మకం.

ఇంకొకటి కూడా పోయింది. మా ఇంటి పెద్ద ఇత్తడి గంగాళం, రెండు పక్కలా కడియాలున్నది, పెళ్ళిళ్ళకు నీళ్ళు కాచేది. అది కూడా ఆ రోజుల్లోనే కనిపించకుండా పోయింది. దొంగలు ఎత్తుకెళ్ళారని సరిపెట్టుకోవచ్చు కదా. మా అవ్వ అలా సరిపెట్టుకునే మనిషి కాదు. ఊళ్ళు వదిలే ముందే గంగాళం మాయమైందని, తన ఆడబిడ్డ, అంటే తాత చెల్లెలే తీసిందని పట్టుపట్టింది. ఆ ఆడబిడ్డది మా ఎదురిల్లే. ఆమె కొడుక్కే మా అమ్మను ఇవ్వాలని పుట్టినప్పుడే అనుకున్నారు. గంగాళంతో ఆ మాట కూడా పోయింది. అమ్మ ఒక్కతే కూతురు కాబట్టి మా నాన్నను ఇల్లరికం తెచ్చుకున్నారు. ఆ గంగాళం పోకపోయుంటే నేను ఎదురింట్లో పుట్టేదాన్నని మా తమ్ముడు వెక్కిరిస్తుంటాడు. వాడూ అక్కడే పుట్టేవాడని వాడికి తట్టదు.

పై ఊరు మమ్మల్ని దొంగలంటే మా ఇంట్లో ఏడుపు. మేము ఎదురింటిని దొంగలంటే మాకు అందులో ఏ తప్పూ కనపడలేదు. రెండు ఇళ్ళ మధ్యా ఉప్పూ పప్పూ ఇచ్చిపుచ్చుకోవడం లేదు. పలకరింపు కూడా చెట్టుకో పిట్టకో చెబుతున్నట్టు ఉండేది.

విగ్రహం లేదు కాబట్టి ఉత్సవానికి పసుపు రాసిన ఘటాన్ని తెచ్చి స్నానం చేయించడం మొదలుపెట్టారు. ఒడ్డున నిలబడి ధర్మకర్త ఒక్కో ఇంటినీ పిలిచి హారతి ఇచ్చేవాడు. మా ఇంటిని పిలిచేవాడు కాదు. మర్చిపోయినట్టు కూడా కాదు, మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి గొంతు సవరించుకుని పక్క ఇంటికి వెళ్ళేవాడు. అమ్మ ఆ రోజు తలుపేసుకుని నెత్తళ్ళనే చిన్న ఎండు చేపలు వేయించేది. ఊరంతా నీచు ముట్టని రోజున, ఆ వాసన పల్లకి దాకా పోయేలా సన్నటి సెగ మీద తీరిగ్గా వేయించేది. అది ఆమె హారతి.

చిన్నప్పుడు నేను ఒకసారి అమ్మకు తెలియకుండా ఉత్సవానికి పోయాను. భక్తి కాదు, వడపప్పు. వరసలో నిలబడి ఆకు పట్టుకున్నాను. పెట్టే ఆవిడ ఎవరి పిల్లవని అడిగి, నేను చెప్పగానే గరిటె వెనక్కి తీసుకుంది. నేను ఏడుస్తూ ఇంటికొస్తే అమ్మ నెత్తళ్ళు నా ముందు పెట్టింది. నిజం చెప్పాలంటే వడపప్పు కంటే అవే బాగున్నాయి. కానీ ఆ గరిటె నాకు ఇప్పటికీ గుర్తే. నేను పెద్దయి, బోగోలు దగ్గర బడిలో పంతులమ్మనయ్యాక ఆవిడ మనవరాలు నా దగ్గరే చదివింది. ఆ పిల్లను నేను ఏమీ అనలేదు. ఆ పిల్ల దస్తూరిని మాత్రం ఎప్పుడూ మెచ్చుకోలేదు.

పోయినేడు టీవీలో ఆ మ్యూజియం చూసిన వారంలోనే మన దేశంలోనూ యుద్ధం మాట పుట్టింది. సైరన్ మోగితే ఏం చేయాలో నేర్పిస్తామన్నారు. సముద్రం మీద కొత్త పడవ ఏది కనపడినా చెప్పమన్నారు. ఇక ఫోన్లలో వచ్చిన సంగతులకు అంతే లేదు. శత్రువు ఈసారి కూడా మా పాలెం మీంచే దిగుతాడట. ఇంత పెద్ద తీరంలో మా దిబ్బ మీద అందరికీ అంత మోజెందుకో నాకు అర్థం కాదు. జనం దాచడం మొదలుపెట్టారు. ఒకావిడ మిక్సీ తీసుకెళ్ళి పాత వలల కుప్పలో పెట్టి, మర్నాడు చట్నీకి దాన్ని వెతుక్కుంటూ తిరిగింది.

"మన ఇంట్లో ఏం దాద్దామమా?" అని అమ్మను ఆటపట్టించాను.

"మన ఇంట్లో దాచడానికి ఏముండాదిమే? ఉన్నొక్కటీ మా నాయన బాగా దాచినాడు. జపానోడికే గాదు, మనకు గూడా దొరకలా" అంది అమ్మ. నవ్వుతూనే అంది.

తాత దొంగ కాదని అమ్మకు తెలుసు, మాకూ తెలుసు. కానీ ఆమె మనసులో ఇంకేదో ముల్లు ఉందని నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం. తాత చివరి రోజు గురించి అడిగితే కూర మాడిపోతోందని లేచి వెళ్ళిపోయేది. పొయ్యి మీద కూర లేకపోయినా సరే.

ఇప్పుడు మా మగవాళ్ళ ఆచారం ఒకటి చెప్పాలి. చేపలు పడే చోటు వాళ్ళు ఇంట్లో చెప్పరు. నీళ్ళ మీద ఉన్నప్పుడు ఒడ్డున ఉన్న చెట్లనూ గోపురాలనూ చూసి, ఏది దేనికి ఎదురుగా వచ్చిందో పట్టి ఆ జాగాను గుర్తుపెట్టుకుంటారు. ఆ గుర్తులు తండ్రి కొడుక్కి పడవ మీదే చెబుతాడు. పడవ దిగాక నోరెత్తడు. ఆడవాళ్ళ చెవిన పడితే నీళ్ళబావి దాకా పోతుందని, అక్కడి నుంచి పక్క పాలెం దాకా పోతుందని వాళ్ళ భయం. ఆ భయం పూర్తిగా అబద్ధమని నేను చెప్పలేను. మా నాన్న అమ్మతో అన్నేళ్ళు కాపురం చేసి ఒక్క గుర్తు కూడా చెప్పకుండానే పోయాడు. ఆడవాళ్ళు పడవ ఎక్కడం కూడా మాలో లేదు. చేప ఒడ్డుకు వచ్చాకే అది మాది.

అది చేపల వేట నిషేధం కాలం. ఇంజను బోట్లన్నీ ఒడ్డున బోర్లా పడి ఉన్నాయి. ఏట్లో విసురు వల వేసుకోవడానికి మాత్రం అడ్డు లేదు. మా తమ్ముడు ఇంట్లో కూర్చుని కూర్చుని అందరి మీదా విసుక్కుంటుంటే, వాడి పెళ్ళాం కొత్త వల చేతికిచ్చి బయటికి తోసింది. వాడు చిన్న పడవ వేసుకుని పోయి, గంట తిరక్కుండా చినిగిన వల భుజాన వేసుకుని వచ్చాడు. కుచ్చుకుచ్చుగా చినిగింది. వాకిట్లోనే మొదలుపెట్టాడు.

"చింపుడు గుంటలో పడిందక్కా. ఆడ ఎయ్యగూడదని తెలుసు. తాడి బంగళా ఎక్కే లోపలే వల తీసెయ్యరా అని నాయన నెత్తీ నోరూ కొట్టుకుని జెప్పినాడు. ఆ దిక్కుమాలిన సైరన్ వీడియో ఏదో ఫోన్లో చూస్తా ఉండిపోయినా. తలెత్తేతలికి తాడి బంగళా ఎక్కేసింది, వల పట్టేసింది."

లోపల టీవీ ఆగింది. అమ్మ గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏందిరా అంటివి? ఇంకోసారి జెప్పు."

తమ్ముడికి అప్పుడు తెలిసింది, ఇంటి వాకిట్లో ఏం వాగాడో. "ఏం లేదుమా. వల చిరిగింది" అన్నాడు.

"వల సంగతి గాదు. తాడి ఏం జేసిందంటివి?"

"బంగళా ఎక్కిందన్నా."

"తాడి బంగళా ఎట్టా ఎక్కుతాదిరా?"

వాడు నా వైపు చూశాడు. నేను చెప్పమన్నాను. చెప్పక తప్పలేదు. ఏట్లో పడవ ఉత్తరంగా పోయే కొద్దీ ఒడ్డు మీద వెనక ఉన్న తాడి ముందున్న బంగళా దగ్గరికి జరుగుతున్నట్టు కనపడుతుంది. ఒక చోటికి వచ్చేసరికి తాడి మొదలు బంగళా వెనక దాక్కుని, తల మాత్రం కప్పు మీద నిలబడినట్టు ఉంటుంది. దాన్నే మగవాళ్ళు తాడి బంగళా ఎక్కడం అంటారు. సరిగ్గా ఆ వరసలో, ఏటి నడుమ, నీళ్ళ కింద ఏదో ఉంది. వలలు చింపుతుంది. యుద్ధం రోజుల్లో దోచుకుపోతున్న దొంగల పడవ మునిగి ఉంటుందని ముసలాళ్ళు అనేవాళ్ళట. అందుకని ఎవరూ అక్కడ వల వేయరు.

అమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. అక్కడి నుంచే చెప్పింది.

"మా నాయన అదే మాట అన్నాడురా. తోపులో, ఆఖర్న. తాడి బంగళా ఎక్కిన కాడ పెట్టినా, అమ్మోరికి చల్లంగా ఉంటాది, అన్నాడు. మా అమ్మ ఆయన నోరు మూసింది. తాడి బంగళా ఎక్కడం ఏంది, జరం తలకెక్కింది, మతి పోయింది అని ఏడ్చింది. పాలెం పెద్ద పిచ్చి మాటలు మాట్లాడతా పోయినాడంటే పరువుంటాదా? అందుకే ఊళ్ళోకొచ్చినాక ఎక్కిన మాట తీసేసి, బంగళా కాడ, తాడి కాడ అని జెప్పింది. నా చేత గూడా ఒట్టేయించుకుంది, ఎవురితో అనొద్దని. నేను అన్లా. మా నాయనకు మతి పోయిందని నేనెట్టా జెప్పేది?"

ఒక మాటను ప్రేమతో దిద్దినందుకు ఇంత జరిగింది. మగవాళ్ళు ఆ మాట ఇంట్లో అనరు. ఆడవాళ్ళు ఆ మాట ఇల్లు దాటనివ్వలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర అన్నాలు తిని, మా నాన్న దగ్గర సగం, మా అమ్మ దగ్గర సగం ఉండిపోయింది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఆ వెంటనే నవ్వు కూడా వచ్చింది. తమ్ముడు మాత్రం చినిగిన వలను నేల మీద మెల్లగా పెట్టి దానికి దండం పెట్టాడు.

మర్నాడు పొద్దున నీళ్ళు తగ్గే వేళకు తమ్ముడూ, మా చిన్నాన్న కొడుకులూ పడవ సిద్ధం చేశారు. అమ్మ కర్ర పట్టుకుని ఏటి ఒడ్డుకు వచ్చింది. తానూ ఎక్కుతానంది.

"ఆడోళ్ళు పడవ ఎక్కగూడదుమా" అన్నాడు తమ్ముడు.

"తాడి బంగళా ఎక్కొచ్చా, నేను పడవ ఎక్కగూడదా?"

ప్లాస్టిక్ కుర్చీతో సహా ఆమెను ఎత్తి పడవలో పెట్టారు. ఎలాగూ ఆచారం చెడింది కదా అని నేనూ ఎక్కాను. అరవై ఏళ్ళు దాటాక మొదటిసారి మా ఏటి మీదికి వెళ్ళాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఒడ్డు నీళ్ళ మీంచి చూస్తే వేరే ఊరిలా ఉంది. బంగళా ఇప్పుడు శిథిలం. ఒక గోడా, దాని మీద సగం పైకప్పూ మిగిలాయి. మేకలు అందులోనే పడుకుంటాయి. తాడి మాత్రం నిబ్బరంగా నిలబడి ఉంది.

తమ్ముడు తెడ్డు వేస్తున్నాడు. తాడి కదిలింది. కదలదని తెలిసి కూడా నేను అమ్మ చేయి పట్టుకున్నాను. గోడకు బారెడు దూరంలో ఉన్న తాడి మూరెడు దూరానికి వచ్చింది, జానెడుకు వచ్చింది, మొదలు కనపడకుండా పోయింది. ఆ సగం కప్పు మీద పచ్చటి తల లేచింది. తమ్ముడు తెడ్డు ఆపాడు.

"ఎక్కింది" అంది అమ్మ.

కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. తాడిని చూస్తూ చంటిపిల్లలా నవ్వింది.

మా వాళ్ళు దిగి మునిగారు. మొదట ఒక మోడు అన్నారు. తర్వాత బండరాయి అన్నారు. మూడోసారి తమ్ముడు పైకొచ్చి నోట్లో నీళ్ళు ఉమ్మి, "ఏందో కడియం మాదిరి చేతికి దొరికింది" అన్నాడు. అమ్మ కుర్చీలో ముందుకు వంగింది. ఇంకో పక్క కూడా కడియం ఉందేమో చూడమంది. ఉంది. "అయితే అది మా అమ్మ గంగాళంరా" అంది.

మోకు కట్టి, ఒడ్డు మీంచి పదిమంది లాగారు. మధ్యాహ్నానికి బురదలోంచి గంగాళం బయటికి వచ్చింది. మూతి మీద రోలంత రాయి పెట్టి, ఆ రాయి మీదుగా కడియాలకు ఇనుప గొలుసు బిగించి ఉంది. గొలుసు చేత్తో ముట్టుకుంటే రాలిపోయింది. రాయి తీసి, లోపలి బురద దోసిళ్ళతో తోడారు. ముందు గుర్తుపట్టింది మువ్వలు. ఒక్కో మువ్వకూ నోరుంది. తర్వాత చేయి, తర్వాత ముఖం. ముక్కు కొన కాస్త అరిగింది. ఒళ్ళంతా ఆకుపచ్చ చిలుము. అయినా ఆ చూపు అలాగే ఉంది. పాలెం పాలెమంతా ఏటి గట్టుకు చేరింది.

అప్పుడు ఎదురింటి ఆవిడ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. తాత చెల్లెలి మనవరాలు, నా ఈడు మనిషి. అమ్మవారికి ఒక దండం పెట్టేసి, నేరుగా గంగాళం దగ్గరికి పోయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అత్తా, ఇది మీ గంగాళమేనా? బాగా చూసి జెప్పు."

"మాదేమ్మే" అంది అమ్మ.

"మరి మా అవ్వ దొంగని ఇన్నేళ్ళు పడితిమి గదా మేము."

అమ్మ కర్ర పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది. "మా అమ్మ తప్పు మాటంది. నేనూ అదే పట్టుకున్నా. గంగాళం నువ్వు తీసుకపోమే. అన్నందుకు అది మీ ఇంట్లోనే ఉండాల" అంది. ఎదురింటావిడ మొగుడిని కేక వేసింది. ఇద్దరూ కలిసి దాన్ని నిజంగానే ఎత్తుకుపోయారు. సాయంత్రం ఆ ఇంటి నుంచి మా ఇంటికి చేపల పులుసు వచ్చింది. నేను పుట్టాక ఆ ఇంటి కూర తినడం అదే మొదలు. ఉప్పు తక్కువైందని అమ్మ అంది, గిన్నె మాత్రం ఊడ్చి పెట్టింది.

పై ఊరి ధర్మకర్తకు కబురు పోయింది. ఆయన తాతే మా తాతను దొంగ అన్న మొదటి మనిషి. ఈయన కూడా డెబ్బై దాటినవాడే. మోటారు సైకిల్ వెనక కూర్చుని వచ్చాడు, చెప్పులు ఏటి గట్టు మీదే విడిచి బురదలోకి దిగాడు. విగ్రహం ముందు నిలబడి దండం పెట్టాడు. మా అమ్మ వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, మావోళ్ళు పాపం జేసినారు" అన్నాడు.

"సరేలేవయ్యా. ముందు అమ్మోరికి బురద కడుగు" అంది అమ్మ.

ఆ తర్వాత తహసీల్దారు గారు వచ్చారు, పోలీసులు వచ్చారు, పాత విగ్రహాలు చూసేవాళ్ళు వచ్చి అద్దాలు పెట్టుకుని పరీక్ష చేశారు. దొరికిన వస్తువు సర్కారు చేతుల మీదుగానే పోవాలన్నారు. మాకు సమ్మతమే. దాచేటప్పుడు ఒక్కడికే చెప్పిన తప్పు మళ్ళీ చేయకూడదని, ఈసారి చూసిన ప్రతివాడూ ఫొటో తీసుకున్నాడు. నెలలు గడిచాక, ఈ ఏడు ఉత్సవానికి ముందు, అమ్మవారు గుడికి చేరింది. వచ్చేదాకా అమ్మ రోజూ పొద్దున్నే ఆ సంగతి అడిగేది. "ఈ ఒక్క ఉత్సవానికి ఉంటే చాలుమే" అనేది. ఉండటమేమిటి, మనిషి ముందుకంటే గట్టిపడింది. అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తినేది.

ఉత్సవం రోజు మా ఇంట్లో నెత్తళ్ళు వేయించలేదు. అమ్మ తెల్లవారకముందే తలంటుకుని, ఆకుపచ్చ చీర కట్టుకుని వాకిట్లో కూర్చుంది. పల్లకి చేలు దాటి, ఏరు దాటి, డప్పులతో మా వీధిలోకి వచ్చింది. మా తలుపు తీసి ఉంది. ఒడ్డున అమ్మవారికి స్నానం చేయిస్తుంటే అలలు పల్లకి కాళ్ళ దాకా వచ్చిపోయాయి. అమ్మ విగ్రహాన్ని దగ్గరగా చూసి, "ఈడనే ఉండుకుని వలలు చింపితివి గాని, ఒక్క మాట పలకలేకపోయినావు గదా తల్లీ" అని గొణిగింది. అమ్మవారిని ఆ మాత్రం అడిగే హక్కు ఆమెకు ఉందనే అనుకుంటాను.

ధర్మకర్త మైకు తీసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు వినగానే, ఎప్పటి అలవాటో, నేను ఒక అడుగు వెనక్కి వేశాను. "మొదటి హారతి, పాలెం పెద్ద ఇల్లు" అన్నాడు. జనం దారి ఇచ్చారు. నా భుజం పట్టుకుని అమ్మ నడిచింది. పక్కనే ఎదురింటావిడ కూడా, గంగాళం దొరికినప్పటి నుంచి తనకూ ఆ ఇంట్లో వాటా ఉందన్నట్టు నడిచింది. ధర్మకర్త మైకులో మా తాతను పొగడటం మొదలుపెట్టాడు. అంత నిజాయితీ గల మనిషి లేడని, ఆయన్ని దొంగ అన్నందుకు రెండు ఊళ్ళ ముందూ క్షమించమంటున్నానని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళుగా అమ్మ ఎదురు చూసింది ఈ మాట కోసమే కదా అనుకున్నాను.

అమ్మ హారతి తీసుకోలేదు. చేయి ఎత్తి ఆయన్ని ఆపమంది.

"మా నాయన దొంగ గాదని నాకెప్పుడూ తెలుసయ్యా. అది మీరు జెప్పబళ్ళా" అంది. "ఆయనకు ఆఖర్న మతి పోలేదు. తెలివితోనే పోయినాడు. సరిగ్గా జెప్పే పోయినాడు. నాకు తెలియనిది అదొక్కటే. అది జెప్పు అందరికీ."

ధర్మకర్త మైకు నోటి దగ్గరికి తీసుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టే రెండు ఊళ్ళకూ వినపడేలా చెప్పాడు. అప్పుడు అమ్మ రెండు చేతులూ చాచి హారతి కళ్ళకద్దుకుంది.